మసకబారిన హెడ్‌లైట్లు: ఇంటివద్దనే బాగుచేసికొను విధానము

సార్వా మాసూళ్ల కాలమున రైతుకు రాత్రి ప్రయాణము తప్పదు. ధాన్యము మిల్లుకు చేర్చవలెను, కూరగాయలు తెల్లవారకమునుపే సంతకు చేర్చవలెను. వేసవి వచ్చునప్పటికి మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు ప్రయాణము. అదే రోజులలో రోడ్డు సగముమేర ధాన్యము ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రికి నల్లని పట్టాలు కప్పుట మన డెల్టా గ్రామములలో పరిపాటి. రెండవప్రక్క కాలువ. ఇట్టి దారిలో మీ బండి దీపము ఎంత దూరము చూపుచున్నదో ఎన్నడైన పరీక్షించితిరా?

నేను పరీక్షింపలేదు. కొన్నేండ్ల క్రిందట ఒక డిసెంబరు రాత్రి, పంటకోత ప్రయోగము ముగించుకొని నా పాత కారులో వచ్చుచుంటిని. పట్టా కప్పిన ధాన్యపు రాశి 50 అడుగుల దూరమునకు వచ్చువరకు నాకు కనుపింపలేదు. వేగము 30 కిలోమీటర్లకు మించలేదు గనుక సరిపోయినది. ముందుచక్రము అంచురాతికి తగిలి బండి ఆగినది. రాశి కావతల కావలియున్న ముసలి రైతు ఒకరు గోనెసంచి కప్పుకొని పండుకొని యున్నారు. ఆయన లేచి, "లైట్లేసుకోకుండా వత్తన్నావేంటి బాబూ?" అని అడిగినారు. లైట్లు వెలుగుచునే యున్నవి.

మరునాడు నేను చేసిన పని మరియొక పొరపాటు. బల్బు బలహీనపడినదని తలచి, 60 వాట్ల బల్బు ఉండవలసినచోట 100 వాట్ల బల్బు పెట్టించితిని. ఎదురువచ్చువారి కన్నులు చెదరినవి గాని నాకు దారి కనుపింపలేదు. వారము తిరుగకమునుపే బల్బు హోల్డరు వేడికి కమిలినది. దోషము బల్బులో లేదు, దాని ముందున్న అద్దములో ఉన్నది.

అద్దమని అనుచున్నాము గాని, ఈనాటి కార్లకు, చిన్న ట్రాలీ బండ్లకు, అనేక క్రొత్త ట్రాక్టర్లకు అమర్చునది గాజు కాదు. పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కు. తేలికైనది, రాయి తగిలిన సులభముగా పగులదు. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణములకు ఓర్వలేదు. అందుచేత ఫ్యాక్టరీలోనే దానిపై పలుచని రక్షణపూత వేయుదురు. ఏండ్ల తరబడి ఎండ, ఇసుక, దుమ్ము తగిలి ఆ పూత చెడిపోవును. పిదప ప్లాస్టిక్కు పైపొర పసుపెక్కి మసకబారును. మసకగుండా పోయిన వెలుతురు దారిమీద పడక చెదరిపోవును. 2018లో ఎ.ఎ.ఎ. అను అమెరికా వాహనదారుల సంఘము పరీక్షింపగా, బాగుగ మసకబారిన దీపములు క్రొత్తవాటి వెలుతురులో సుమారు 20 శాతము మాత్రమే ఇచ్చినవి. అరగదీసి బాగుచేయగా 70 శాతము వరకు వచ్చినది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 17 మీటర్లు సాగునని లెక్కించుకొనిన, ఈ తేడా విలువ తెలియును.

పని మొదలుపెట్టుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. పాత ట్రాక్టర్లకు నిజమైన గాజే యుండును. గోటితో తట్టిన గాజు ఖంగుమనును, ప్లాస్టిక్కు మొద్దుగా పలుకును. గాజును అరగదీసితిరా, గీతలుపడి పాడగును. చెమ్మ లోపలివైపు పట్టియున్నను, లోపలి వెండిరంగు అద్దము నల్లబడియున్నను, పైన ఎంత రుద్దినను ప్రయోజనము లేదు. పగుళ్లు వచ్చినదానిని మార్చవలసినదే.

కావలసిన సామగ్రి రంగుల దుకాణములో దొరకును. ఉప్పుకాగితము పొడిగా వాడునది కాదు, నీటిలో తడిపి వాడు వాటర్ పేపరు అడుగుడు. 1000, 1500, 2000, 3000 నంబర్లు ఒక్కొక్క షీటు చాలును. పాత పూత పొక్కులుగా లేచియున్న 800 నంబరు కూడ తీసికొనుడు. మాస్కింగ్ టేపు, రబ్బింగ్ కాంపౌండు, మెత్తని నూలుగుడ్డలు కావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, హెడ్‌లైట్లకు పనికివచ్చునని డబ్బాపై వ్రాసియున్న, యు.వి. రక్షణగల క్లియర్ కోటు.

మొదట దీపమును సబ్బునీటితో కడిగి, చుట్టునున్న బండి రంగుకు రెండు వరుసలు టేపు అంటింపుడు. కాగితమును నీటిలో నాననిచ్చి, ముతకదానితో ఎడమనుండి కుడికి, తరువాతి నంబరుతో పైనుండి క్రిందికి, ఇట్లు దిశ మార్చుచు రుద్దుడు. దిశ మార్చుటలో ఉపాయమున్నది: వెనుకటి గీతలు పూర్తిగా పోయినవో లేదో వెంటనే తెలియును. నీరు విడువక పోయుచుండవలెను. మొదట కారునీరు పసుపుగా ఉండును. అది చెడిన పూత. నీరు పాలవలె తెల్లగా కారువరకు మొదటి కాగితమును విడువరాదు. చాలమంది ఇక్కడనే తొందరపడుదురు, పిదప అంచులలో పసుపు మిగిలిపోవును. ఈ దశలో దీపము మునుపటికంటె అధ్వాన్నముగా కనుపించును, బెదరవలదు. 3000 నంబరు ముగిసి, కాంపౌండుతో గుండ్రముగా రుద్దగా వెలుగు తేలును.

పని ఇక్కడితో అయినదని తలచువారే ఎక్కువ. నేనును మొదటిసారి అట్లే తలచి, పై వేసవికి మరల మొదటికి వచ్చితిని. అరగదీయుటవలన పాత రక్షణపూత కూడ పోయినది గదా! టూత్‌పేస్టుతో రుద్దువారికి జరుగునదియు ఇదియే. కొలది దినములు మెరయును, అంతే. కావున ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిచి, ఆరిన పిదప క్లియర్ కోటు పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. పూతకు పూతకు నడుమ డబ్బాపై చెప్పినంత వ్యవధి ఇయ్యవలెను. నూర్పిడి దుమ్ము లేచుచోటను, మంచు పడు ఉదయమునను, మిట్టమధ్యాహ్నపు టెండలోను వేయరాదు. మందు పిచికారి చేయునప్పటి జాగ్రత్తలే దీనికిని: గాలివాలుగా నిలువవలెను, ముక్కుకు మాస్కు కట్టవలెను, బీడి దగ్గరకు రానీయరాదు. రెండు భాగములు కలిపి వేసెడి గట్టిరకపు పూతలో ఐసోసయనేట్లు ఉండును. దానిని తగిన మాస్కు గల పెయింటింగు షెడ్డువారికే వదలుట మేలు.

పెట్రోలు, థిన్నరు వంటివాటితో దీపమును తుడుచుట బొత్తిగా కూడదు. ప్లాస్టిక్కులో సన్నని పగుళ్లు పుట్టును. దుమ్ముపట్టిన దీపమును పొడిగుడ్డతో తుడుచుటకూడ గీతలు తెచ్చును. ముందు నీరు పోయుడు. బండి చెట్టునీడనో పాకక్రిందనో నిలుపుడు.

గ్రామాధికారులకు ఒక మాట. ఒక వ్యక్తి కొనిన సామగ్రిలో చాల భాగము మిగిలిపోవును. నలుగురు కలిసి కొనిన ఖర్చు తగ్గును, మాసూళ్లకు ముందు ఒక ఆదివారము వాడలోని బండ్లన్నిటి దీపములు అయిపోవును. ట్రాక్టరు యజమానులు ఆయిలు మార్చు దినముననే ఇదియు చూచుకొనవచ్చును.

పూత ఒకదినము ఆరిన తరువాత, చీకటిపడగానే బండిని సమతలమున గోడకు 25 అడుగుల దూరమున నిలిపి డిమ్ము లైటు వేయుడు. వెలుతురు పైఅంచు దీపపు మధ్యభాగము ఎత్తుకంటె కొంచెము దిగువన పడవలెను. ట్రాలీ బండ్లవారు ఈ పరీక్ష బస్తాలు ఎక్కించి చేయవలెను. బరువుకు వెనుకభాగము క్రుంగిన దీపములు పైకి లేచి, ఎదుటివారి కన్నులలో పడును.