సర్కారు తుమ్మ తొలగింపు: గొలుసు రంపం పదును, సంరక్షణ

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో పొలం గట్లు, బీళ్ళు, కాలువ గట్లపై సర్కారు తుమ్మ దట్టంగా పెరుగుతుంది. దీనిని కోసే గొలుసు రంపం త్వరగా మొద్దుబారడానికి కలప గట్టిదనం కొంతవరకే కారణం. ప్రధాన కారణం మట్టి. తిరుగుతున్న గొలుసు క్షణకాలం నేలను తాకినా ఇసుక రేణువులు పళ్ళ అంచును అరగదీస్తాయి.

మొదలు మిగిలితే మళ్ళీ చిగురిస్తుందని కూలీలు నేలమట్టానికి కోస్తారు. కానీ చిగురించే మొగ్గలు నేల లోపలి వేరు మొదలులో ఉంటాయి. కనుక నేలమట్టపు కోత వలన గొలుసు చెడుతుందే గాని చెట్టు చావదు. జానెడు ఎత్తున కోసి, మిగిలిన మొద్దును గడ్డపార, గొడ్డళ్ళతో వేరు మొదలుతో సహా పెకలించాలి.

మొద్దుబారిన గుర్తులు: పదునైన గొలుసు నుండి చెక్క తునకలు రాలుతాయి; మొద్దుబారితే పొడి రాలుతుంది. రంపాన్ని అదిమితే గాని దిగదు. ఒక వైపు పళ్ళు ఎక్కువగా అరిగితే కోత పక్కకు వాలుతుంది.

పదును పెట్టే విధానం: ఇంజను ఆపి, స్పార్కు ప్లగ్గు తీగ తొలగించి, చేతి తొడుగులు ధరించాలి. గొలుసు పిచ్‌కు తగిన గుండ్రటి ఆకురాయిని వాడాలి, 0.325 అంగుళాల పిచ్‌కు సాధారణంగా 4.8 మి.మీ. ఆకురాయి సరిపోతుంది. తయారీదారు సూచించిన కోణంలో, ఎక్కువ గొలుసులకు 30 డిగ్రీలలో, పంటి లోపలి నుండి బయటికి మాత్రమే నెట్టాలి. వెనక్కు తెచ్చేటప్పుడు ఆకురాయిని పైకెత్తాలి. అన్నిటికన్నా పొట్టి పంటిని కొలతగా తీసుకొని మిగిలిన వాటిని సమానం చేయాలి.

పంటి ముందుండే డెప్త్ గేజ్‌ను కొన్ని పదునులకొకసారి గేజ్ పలకతో సరిచూసి, అవసరమైతే చదును ఆకురాయితో తగ్గించాలి. అతిగా తగ్గిస్తే రంపం ఎగదన్ని ప్రాణాపాయం కలుగవచ్చు.

రోజువారీ సంరక్షణ: పెట్రోలు నింపిన ప్రతిసారీ గొలుసు నూనె కూడా నింపాలి, వాడిన ఇంజను ఆయిలు పనికిరాదు. బార్ గాడిని, నూనె రంధ్రాన్ని శుభ్రపరచి, బార్‌ను అప్పుడప్పుడు తిరగవేయాలి. చల్లారిన గొలుసు బార్ అడుగుకు ఆనుకొని, చేతితో లాగితే సులువుగా కదలాలి. వేడిమీద బిగించిన గొలుసు చల్లారినపుడు కుంచించుకుపోతుంది కనుక పని ముగిశాక వదులు చేయాలి.

మొద్దు గొలుసుతో పని సాగదు. పైగా కూలి, పెట్రోలు వృథా అవుతాయి. అదిమి కోసే కూలీ అలసి, పట్టు తప్పి ప్రమాదానికి గురికావచ్చు. అందుచేత పొడి కనిపించిన వెంటనే కోత ఆపి పదును పెట్టడం శ్రేయస్కరం.