విశ్వభీతి కథలు, వాటి రచయితల లోపములు: లవ్‌క్రాఫ్ట్ నుండి తులసిదళం వరకు ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

భయము పుట్టించే కథలు తెలుగువారికి కొత్తవి కావు. నల్లమల అంచున ఉన్న శిరివెళ్ల, ఆళ్లగడ్డ, రుద్రవరము ప్రాంతాలలో గాలి సోకిన కథలు, చెడుపు చేసిన కథలు, నడిరేయి బావి దగ్గర కనబడిన ఆకారాల కథలు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఇటువంటి కథలకు పాశ్చాత్య సాహిత్యములో ఒక ప్రత్యేక శాఖ ఉన్నది. ఆంగ్లములో దానిని వియర్డ్ ఫిక్షన్ అని, దానిలోని ఒక భాగమును కాస్మిక్ హారర్ అని పిలుస్తారు. తెలుగులో దానిని ‘విశ్వభీతి సాహిత్యము’ అని చెప్పుకొనవచ్చును.

సంఘకాపరికి ఈ సాహిత్యముతో పనియేమి అని కొందరికి అనిపించవచ్చును. పని ఉన్నది. మన విశ్వాసులలో యౌవనస్థులు ఈ కథలను చదువుతున్నారు, సినిమాలుగా చూస్తున్నారు. ఆ కథలలో కనిపించే ఒక ఆలోచనా విధానము మన పల్లెలలో కూడా ఉన్నది; దానివలన నిజమైన మనుషులు బాధింపబడుచున్నారు. ఈ వ్యాసములో మూడు ప్రశ్నలను పరిశీలించుదము. ఈ సాహిత్యము యొక్క స్వభావమేమి? దీని రచయితలలో కనబడిన లోపములేవి? లోపమున్న రచయితను మనము ఎట్లు చదవవలెను?

1. విశ్వభీతి సాహిత్యము యొక్క స్వభావము

సాధారణమైన దయ్యపు కథలో ఒక న్యాయము ఉంటుంది. అన్యాయముగా చనిపోయినవాడు తిరిగివచ్చి పగ తీర్చుకొంటాడు. దోషి శిక్షింపబడిన తరువాత ఊరు మరల ప్రశాంతమవుతుంది. విశ్వభీతి కథలో ఈ న్యాయము లేదు. మనిషికంటె ఎంతో పురాతనమైన, ఎంతో గొప్పదైన శక్తి ఒకటి ఈ కథలలో ఎదురవుతుంది. దానికి మనిషిమీద పగ లేదు, ప్రేమ లేదు, అసలు మనిషి ఉన్నాడనే పట్టింపు లేదు. ఎద్దు నడిచేటప్పుడు గిట్టల క్రింద చీమ ఉన్నదో లేదో చూడదు. అటువంటిదే ఈ శక్తి. ఈ సంగతి తెలిసిన పాత్రకు మతి చలించుటయే సాధారణముగా కథకు ముగింపు.

ఈ విధానమునకు పేరుపొందినవాడు అమెరికా రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937). 1923లో ప్రారంభమైన ‘వియర్డ్ టేల్స్’ అనే పత్రికలో అతని కథలు ఎక్కువగా వెలువడినవి. 1928లో అచ్చయిన ‘ది కాల్ ఆఫ్ కథుల్హు’ వాటిలో ప్రసిద్ధమైనది. 1927లో ప్రచురింపబడిన ఒక దీర్ఘవ్యాసములో అతడు ఈ సాహిత్య చరిత్రను, సిద్ధాంతమును కూడా వివరించాడు. అతడు నాస్తికుడు. విశ్వమునకు ఉద్దేశ్యము లేదన్న తన అభిప్రాయమునే కథగా మలచాడు.

వేదాంత విద్యార్థులకు ఇక్కడ రుడాల్ఫ్ ఒట్టో జ్ఞాపకము రావలెను. జర్మనీ దేశపు ఈ వేదాంతి 1917లో వెలువరించిన గ్రంథములో, పరిశుద్ధమైన దానియెదుట మనిషికి కలుగు అనుభవములో వణుకు, ఆకర్షణ రెండును కలిసి ఉంటాయని వివరించాడు. లవ్‌క్రాఫ్ట్ కథలలో ఆ వణుకు ఉన్నది, ఆకర్షణయు కొంత ఉన్నది. పరిశుద్ధత మాత్రము లేదు. యోబు గ్రంథము 38 నుండి 41 అధ్యాయములతో పోల్చి చూచినయెడల తేడా స్పష్టమవుతుంది. అక్కడ కూడా మనిషి అల్పుడే. సముద్రము, నక్షత్రములు, మకరము అతని అల్పత్వమును చూపుతాయి. కాని అక్కడ సుడిగాలిలోనుండి ఒకరు అతనితో మాట్లాడుతున్నారు. లవ్‌క్రాఫ్ట్ విశ్వములో మనిషిని పలుకరించువారు ఎవరును లేరు. కనుక ఈ సాహిత్యమును కేవలము చిల్లర వినోదమని త్రోసిపుచ్చుట సరికాదు. దేవుడు లేని విశ్వము నిజముగా ఎట్లుండునో మెత్తబరచక చూపిన సాహిత్యమిది.

2. గురువుల ఇండ్లలోనుండి వచ్చిన రచయితలు

లవ్‌క్రాఫ్ట్‌కు ముందును, అతని కాలములోను ఉన్న రచయితలలో ముగ్గురు ఆంగ్లికన్ గురువుల కుమారులు అగుట గమనార్హము. వేల్స్ దేశస్థుడైన ఆర్థర్ మాకెన్ 1894లో ‘ది గ్రేట్ గాడ్ పాన్’ వ్రాశాడు. విలియం హోప్ హాడ్జ్‌సన్ 1908లో ‘ది హౌస్ ఆన్ ది బోర్డర్‌లాండ్’ ప్రచురించి, 1918లో యుద్ధరంగములో మరణించాడు. మూడవవాడు ఎం.ఆర్. జేమ్స్. 1904లో తన మొదటి దయ్యపు కథల సంపుటిని వెలువరించిన ఇతడే, 1924లో క్రొత్త నిబంధన కాలపు అప్రమాణిక గ్రంథములను ఆంగ్లములోనికి అనువదించిన పండితుడు. మన సెమినరీ గ్రంథాలయములలో అతని అనువాదమును వాడినవారు అతని కథలను ఎరుగకపోవచ్చును.

వీరిలో కూడా లోపములున్నవి. ఉదాహరణకు మాకెన్ కథలో ఒక వైద్యుడు ఒక పేద యువతి మెదడుమీద ప్రయోగము చేస్తాడు. పాపము చేసినవాడు వైద్యుడు. అయినను కథలో భయమంతయు ఆమెకు పుట్టిన కుమార్తె మీదికి, ఆమె శరీరము మీదికి మళ్లుతుంది. కీడును స్త్రీ శరీరములో చూపించు అలవాటు ఈ సాహిత్యములో మొదటినుండి ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

3. లవ్‌క్రాఫ్ట్ జాతిద్వేషము

లవ్‌క్రాఫ్ట్ లోపము ఇంకను తీవ్రమైనది. అతడు జాతిద్వేషి. నల్లజాతివారిని, యూదులను, వలస వచ్చినవారిని హీనపరచు మాటలు అతడు వ్రాసిన వేలాది ఉత్తరములలో విరివిగా ఉన్నవి. 1912లో నల్లజాతివారిని మనుషులకంటె తక్కువవారిగా చూపుచు ఒక పద్యము కూడా వ్రాశాడు. 1924లో అతడు వివాహము చేసుకొన్న సోనియా గ్రీన్ యూదురాలు. ఆ వివాహము కూడా అతని అభిప్రాయములను మార్చలేదు.

అతని బాల్యము కష్టములతో నిండినదే. తండ్రి మానసిక రోగముతో 1898లో ఆసుపత్రిలో మరణించాడు. తల్లియు అదే ఆసుపత్రిలో 1921లో మరణించింది. అయితే కష్టములు పడినవారందరు ద్వేషులు కాలేదు. కారణము వేరు, సమర్థన వేరు. ‘ఆ కాలమే అట్టిది’ అని కొందరు అంటారు. ఆ కాలములోనే అమెరికాలో అతని అభిప్రాయములను ఎదిరించినవారును అనేకులు ఉండిరి.

ఆ ద్వేషము ఉత్తరములకే పరిమితమై ఉన్నట్లయితే అది జీవితచరిత్రకారుల సంగతి. కాని అది కథలలోనికి ప్రవేశించినది. న్యూయార్కులో వలసప్రజల మధ్య నివసించినప్పుడు, 1925లో, అతడు ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ అనే కథ వ్రాశాడు. అందులో దుష్టశక్తిని పూజించువారు ఆ పేటలోని వలసవారే. వారిలో యజీదీలను సాతాను ఆరాధకులుగా చూపించాడు. యజీదీలు ఇరాకు ప్రాంతములోని ఒక చిన్న మతసమాజము. వారిమీద మోపబడిన ఆ అపవాదు లవ్‌క్రాఫ్ట్ పుట్టించినది కాదు, అంతకుముందునుండి ఉన్నది. అతడు దానిని పరిశీలింపక కథకు వాడుకొన్నాడు. 2014 ఆగస్టులో ఇరాకులోని సింజార్ ప్రాంతముమీద ఇస్లామిక్ స్టేట్ ముష్కరులు పడి వేలాది యజీదీలను చంపినప్పుడు, స్త్రీలను బానిసలుగా అమ్మినప్పుడు, తమ పనికి చెప్పుకొన్న సమర్థనలో అదే పాత అపవాదు ఉన్నది. హంతకులు లవ్‌క్రాఫ్ట్‌ను చదివారని కాదు. ఒక అబద్ధము కథలలో హాయిగా తిరుగుచుండగా లోకములో ఏమి చేయునో గ్రహించుటకే ఈ సంగతి పేర్కొనబడినది.

మరియొక ఉదాహరణ. 1692లో సేలం పట్టణములో మంత్రగత్తెలన్న నేరముపై 19 మందిని ఉరితీశారు. వారు నిర్దోషులు. ఆ కాలములో శిక్ష విధింపబడినవారిలో చివరగా మిగిలిన ఒక స్త్రీ పేరుమీదనుండి కూడా ఆ నిందను 2022లో మసాచుసెట్స్ రాష్ట్రము తొలగించినది. కాని 1933లో అచ్చయిన లవ్‌క్రాఫ్ట్ కథలో సేలం చెరసాలనుండి తప్పించుకొన్న స్త్రీ నిజముగానే మంత్రగత్తె. దయ్యములను నమ్మని రచయిత, కథ కొరకు, నిర్దోషులమీది నిందను నిజము చేశాడు.

4. తెలుగు కథలలో మాంత్రికుడు ఎక్కడివాడు?

మనవారి కథలను కూడా ఇదే దృష్టితో చూడవలెను. బాలనాగమ్మ కథలో దుష్టమాంత్రికుడు ఎవరు? జానపదుల నోట మాయల ఫకీరు. 1942 నాటి చలనచిత్రములో మాయలమరాఠీ. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు. మాటలలో మలయాళ మాంత్రికులు. తెలుగు కథలలోని మాంత్రికుడు తరచుగా పరదేశి, లేదా పరమతస్థుడు, లేదా అడవివాడు. కీడు మన ఇంటిలో పుట్టినదని ఒప్పుకొనుటకంటె బయటనుండి వచ్చినదని చెప్పుట సులభము.

1980ల ఆరంభములో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి తెలుగునాట సంచలనము కలిగించినది. తులసి అనే చిన్నబిడ్డమీద ఆస్తి కొరకు చేతబడి ప్రయోగింపబడుట అందలి కథావస్తువు. ఒకవైపు వైద్యము, మరొకవైపు మంత్రవిద్య. రెండును ఆ బిడ్డ ప్రాణము చుట్టు తిరుగుచుండగా పాఠకుడు ఊపిరి బిగపట్టి చదివేవాడు. ‘తులసి’ అనే నవల దానికి కొనసాగింపు. అద్దె పుస్తకాల దుకాణములలో చేతులు మారి మారి అట్టలు ఊడిన పుస్తకములలో ఇవి ముందుండేవి.

ఈ నవలను రంగనాయకమ్మ తీవ్రముగా విమర్శించి, ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అనే పుస్తకమునే వ్రాశారు. మూఢనమ్మకములను ఇది పెంచునన్నది ఆ విమర్శలోని ముఖ్యాంశము. ఇక్కడ ఒక భేదమును గుర్తించవలెను. లవ్‌క్రాఫ్ట్ విషయములో ప్రశ్న రచయిత హృదయమును గూర్చినది. తులసిదళం విషయములో ప్రశ్న కథనమును గూర్చినది. రచయిత ఎవరినైనా ద్వేషించాడని ఎవరును చెప్పనక్కరలేదు. వైద్యమునకు చోటిచ్చుట ఆ నవలలోని మంచి గుణమే. కాని చేతబడికి కూడా అంతే బలముగా చోటిచ్చినప్పుడు, పుస్తకము మూసిన పాఠకుని మనస్సులో మిగులునది వైద్యుని మాట కాదు, చేతబడి భయము.

5. కథలో దోషి, ఊరిలో నిర్దోషి

ఈ పరిశీలనలో ముఖ్యమైన విషయము ఇది. భయకథలో ఎవరినైనా మంత్రగాడని అనుమానించినయెడల, చివరకు ఆ అనుమానము నిజమని తేలవలెను. లేనిచో కథ చప్పబడుతుంది. ఊరిలో జరుగునది దీనికి వ్యతిరేకము. అక్కడ అనుమానింపబడినవాడు నిర్దోషి. తెలంగాణ పల్లెలలో, విశేషముగా మెదక్ ప్రాంతములో, బాణామతి చేస్తారన్న అనుమానముతో మనుషులను కొట్టుట, చంపుట దశాబ్దములుగా వార్తలకెక్కినది. పళ్లు లేనివాడు మంత్రమును సరిగా ఉచ్చరింపలేడన్న నమ్మకముతో పళ్లు ఊడగొట్టిన సంఘటనలును ఉన్నవి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూర తిరిగి ఈ భయమును పోగొట్టుటకు కృషి చేసినవి. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో మంత్రగత్తెలన్న నిందకు వ్యతిరేకముగా చట్టములు చేసినవి. నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగిన 2013లోనే మహారాష్ట్రలోను చట్టము వచ్చినది.

ఈ నమ్మకము నవలలకంటె పాతది. కనుక నవలలే ఈ హింసకు కారణమని చెప్పుట న్యాయము కాదు. అయితే అనుమానమునకు ఒక రూపము, ఒక పేరు, ఒక ముఖము ఇచ్చుట కథ చేయగల పని. ఊరిలో ఆ ముఖము ఎవరిది? సాధారణముగా ఒంటరి విధవరాలిది, ఊరి చివర ఉన్న పేదవానిది, మాట పడని పొరుగువానిది.

మన సంఘములు కూడా దీనికి అతీతము కావు. కొన్ని స్వస్థత కూడికలలో, ‘నీకు చేసినది మీ దగ్గరి బంధువే’, ‘మీ ఇంటికి తూర్పున ఉన్న స్త్రీయే’ అని ప్రవచనరూపములో చెప్పబడుచున్నది. చెప్పినవాడు మరునాడు వేరొక ఊరికి వెళ్లిపోతాడు. ఆ తోడికోడళ్లు, ఆ పొరుగువారు మాత్రము అదే వీధిలో, అదే కుళాయి దగ్గర జీవింపవలెను. నిర్గమకాండము 22:18 వచనమును అడ్డుపెట్టుకొని ఐరోపాలో, అమెరికాలో జరిగినదేమో సంఘచరిత్ర చదివినవారికి తెలియును. జ్వరము తగ్గని బిడ్డకు ప్రార్థన చేయవలెను, నంద్యాల ఆసుపత్రికి పంపవలెను. ఫలానివారు చేశారని చెప్పు అధికారము సేవకునికి లేదు.

6. లోపమున్న రచయితను చదువుట ఎట్లు?

ప్రపంచ సాహిత్య బహుమతులలో ఒకటైన వరల్డ్ ఫాంటసీ అవార్డుకు చాలా కాలము లవ్‌క్రాఫ్ట్ ముఖప్రతిమనే ఇచ్చేవారు. 2011లో ఆ బహుమతి పొందిన నైజీరియా మూలములు గల రచయిత్రి ఎన్నెడి ఒకొరాఫోర్, తన జాతిని దూషించినవాని ప్రతిమ తన ఇంటిలో ఉండుటను గూర్చి బహిరంగముగా వ్రాసింది. చర్చల తరువాత 2015లో ఆ ప్రతిమను మానివేశారు. అతని పుస్తకములను ఎవరును నిషేధించలేదు. గౌరవించుట వేరు, చదువుట వేరు అని అక్కడ తేలినది.

2016లో నల్లజాతి రచయిత విక్టర్ లావల్ మరియొక మార్గము చూపాడు. ‘రెడ్ హుక్’ కథనే తీసికొని, లవ్‌క్రాఫ్ట్ ముఖము లేకుండ చేసినవారిలో ఒకనికి పేరిచ్చి, తండ్రినిచ్చి, దుఃఖమునిచ్చి, ఆ కథను అతని కన్నులతో తిరిగి చెప్పాడు. వియర్డ్ సాహిత్యమును విడిచిపెట్టకుండనే దానిలోని అన్యాయమును బయటపెట్టాడు.

వీటినుండి మన యౌవనస్థులకు నేర్పదగిన పద్ధతి మూడు ప్రశ్నలలో ఉన్నది. మొదటిది: ఈ కథలో కీడుకు ఎవరి ముఖము ఇవ్వబడినది? రెండవది: ఆ ముఖము గలవారు నిజజీవితములో మన చుట్టుప్రక్కల ఎవరు? మూడవది: కథను వారు చెప్పినయెడల ఎట్లుండును?

ముగింపు

‘పుస్తకము చదువవద్దు’ అన్నంతమాత్రమున యౌవనస్థులు మానరు; దాచుకొని చదువుతారు. కావున యౌవనస్థుల కూడికలో ఇట్టి కథ ఒకటి తీసికొని పై మూడు ప్రశ్నలతో చర్చించుట మేలు. విశ్వము ఎంత పెద్దదో, మనిషి ఎంత చిన్నవాడో లవ్‌క్రాఫ్ట్ బలముగా చూపాడు. ఆ మాట ఎనిమిదవ కీర్తనకారునికి కూడా తెలియును. అయితే ఆ చిన్నవానిని జ్ఞాపకము చేసికొనువాడు ఉన్నాడని అతడు ఆశ్చర్యపడినాడు. చిన్నవారిని జ్ఞాపకము చేసికొనుటలోనే లవ్‌క్రాఫ్ట్ విఫలుడయ్యాడు. ఊరి చివరి ఇంటిమీద నింద పడిన దినమున, ఊరు మాట్లాడకముందే ఆ ఇంటికి వెళ్లి, ఆ గడపమీద కూర్చుని, వారి చేతి మంచినీళ్లు త్రాగి వచ్చు సేవకుడు ఈ వ్యాసములో చెప్పబడినదంతయు ఆ ఊరికి బోధించినవాడగును.