జడ్జి మైకు అందుకున్నాక

వేసవి మధ్యకొచ్చిందంటే అమెరికా పల్లెల్లో కౌంటీ ఫెయిర్ల సందడి మొదలవుతుంది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. ఫోటోల్లో ఎక్కువగా కనిపించేవి జెయింట్ వీల్, పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన కార్న్ డాగ్, పాత కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే డిమాలిషన్ డెర్బీ. సరదాలే, కాదనం. కానీ ఇలాంటివి ఏ ఎగ్జిబిషన్‌కు వెళ్లినా ఉంటాయి. కౌంటీ ఫెయిర్‌కే సొంతమైన ఆనందం పశువుల షెడ్లలో, వంటల హాల్లో ఉంది. మామూలు మనుషులు చేసిన పనిని నలుగురి ముందు పెట్టి, బాగుంటే ఎందుకు బాగుందో, లేకపోతే ఎక్కడ తప్పిందో తెలిసినవాళ్లు విడమరిచి చెప్పే చోటు అది. మన సంతకు సరుకు కోసం వెళ్తాం, తిరునాళ్లకు దేవుడి కోసం వెళ్తాం. కౌంటీ ఫెయిర్‌కు వెళ్లేది పనితనం చూడ్డానికి.

ఇది చరిత్రలోనే ఉంది. 1785లోనే ఫిలడెల్ఫియాలో వ్యవసాయాభివృద్ధి సంఘం పుట్టింది గానీ, అది చదువుకున్న పెద్దమనుషుల చర్చావేదిక. నాగలి పట్టినవాళ్లకు అందులో పెద్దగా పనిలేదు. 1807లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో ఎల్కానా వాట్సన్ అనే ఆయన రెండు మెరినో గొర్రెలను ఊరి నడిబొడ్డున ప్రదర్శనకు పెట్టాడు. సన్నని ఉన్నినిచ్చే ఆ జాతి అక్కడివాళ్లకు కొత్త. రెండు గొర్రెల కోసమే ఇంతమంది వస్తే, అందరి పశువులూ ఒకచోట చేరిస్తే ఎంతమంది వస్తారన్నది ఆయన ఆలోచన. 1810లో పశు ప్రదర్శన, ఆ మరుసటి ఏడే బర్క్‌షైర్ వ్యవసాయ సంఘం వచ్చాయి. ఆడవాళ్లు ఇంట్లో నేసిన బట్టలకు కూడా ఆ సంఘం బహుమతులిచ్చింది. జెయింట్ వీల్ సంగతంటారా, దాని మూలమైన ఫెర్రిస్ వీల్ జనం ముందుకొచ్చిందే 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో. అంటే ఫెయిర్ పుట్టిన ఎనభై ఏళ్లకు పైగా గడిచాక.

జడ్జింగ్ జరిగేటప్పుడు దగ్గర నిలబడితే అసలు రుచి తెలుస్తుంది. గాజు సీసాలో నిలవ పెట్టిన బీన్స్‌ను జడ్జి వెలుతురుకెత్తి చూస్తుంది. ముక్కలన్నీ ఒకే పొడవున్నాయా, నీరు తేటగా ఉందా, మూత కింద వదలాల్సినంత ఖాళీ వదిలారా? ఖాళీ తక్కువైతే మరిగేటప్పుడు నీరు పొంగి మూత సరిగా బిగుసుకోదు. ఎక్కువైతే లోపల గాలి మిగిలిపోతుంది. మఫిన్‌ను కోసినప్పుడు లోపల సొరంగాల్లా కన్నాలు కనబడితే పిండి అతిగా కలిపారన్నమాట. టమాటాల పోటీలోనూ గెలుపు లావుపాటి కాయది కాదు. పళ్లెంలో పెట్టినవన్నీ ఒకే సైజు, ఒకే రంగు ఉండాలి. పశువుల రింగులో ఇంకా బాగుంటుంది. వరస తేల్చాక జడ్జి మైకు తీసుకుని, మొదటిదాన్ని రెండోదానికంటే పైన ఎందుకు పెట్టాడో, రెండోదానిలో మెచ్చుకోదగ్గదేమిటో అందరికీ వినబడేలా చెబుతాడు. షోమన్‌షిప్ అనే విభాగంలోనైతే మార్కులు జంతువుకు కాదు, దాన్ని నడిపించే పిల్లకో పిల్లాడికో. పల్లెపిల్లల కోసం 1902 ప్రాంతంలో మొదలైన క్లబ్బుల నుంచి ఎదిగిన 4-హెచ్ సంస్థ చాలాచోట్ల డేనిష్ పద్ధతి పాటిస్తుంది. అందులో ప్రతి వస్తువునూ పక్కవాడి వస్తువుతో కాక ఒక ప్రమాణంతో పోలుస్తారు. అర్హత ఉంటే పదిమందికీ పై శ్రేణికిచ్చే నీలి రిబ్బనే దక్కుతుంది. మన బడుల్లో ఒక్క ర్యాంకు కోసం పిల్లల్ని ఎంతగా నలిపేస్తున్నామో చూస్తే, ఈ పద్ధతి మనకెంత అవసరమో అనిపించక మానదు.

ఇదంతా పోయిన కాలం మీద మమకారమేననే వాళ్లున్నారు. 1900లో అమెరికా కార్మికుల్లో దాదాపు నలభై శాతం వ్యవసాయంలో ఉండేవారు. ఇప్పుడు రెండు శాతం కూడా లేరు. నిజమే. అయితే అందుకే ఫెయిర్ అవసరం పెరిగింది. పాలు ప్యాకెట్టులోనే చూసిన పట్నం పిల్లకు ఆవు పొదుగు కనిపించే చోట్లు ఇంకెన్ని మిగిలాయి? రోగాల భయం కూడా ఊహ కాదు. 2012లో పందుల నుంచి వచ్చే ఒక రకం ఫ్లూ, ఎక్కువగా ఫెయిర్లలోనే, మూడు వందల మందికి పైగా సోకింది, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. చేతులు కడుక్కోవడం, షెడ్లలో తినకపోవడం, పందుల్ని మూడు రోజులకు మించి ఉంచకపోవడం వంటి జాగ్రత్తలు ఆ తర్వాత గట్టిగా చెబుతున్నారు. అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేలం గురించి. నెలల తరబడి పేరు పెట్టి సాకిన పందిని చివరిరోజు అమ్మేస్తారు, అది కబేళాకు పోతుంది. కొందరు పిల్లలు రింగులోనే ఏడుస్తారు. ఆ ఏడుపును పాఠమని పేరు పెట్టి దాటేయకూడదు, అది దుఃఖమే. కానీ మాంసం తినే సమాజంలో ఆ సంగతి దాచకుండా, మేత ఖర్చు నుంచి అమ్మకపు ధర దాకా పిల్లల చేతే లెక్క రాయించడం, దాచిపెట్టడం కంటే నిజాయితీగా ఉంది.

తెలుగువాళ్లకు ఈ షెడ్లలో ఒక చుట్టరికం కూడా ఉంది. టెక్సాస్ వైపు ప్రదర్శనల్లో కనిపించే మూపురం ఉన్న అమెరికన్ బ్రాహ్మన్ పశువుల పూర్వీకుల్లో, నెల్లూరు పేరుతో విదేశాలకు వెళ్లిన మన ఒంగోలు జాతి ఒకటి. అమెరికాలో పెరట్లో వంకాయలు, పచ్చిమిరప పండించే మన కుటుంబాలు ప్రేక్షకులుగానే మిగలనక్కర్లేదు. ఓపెన్ క్లాస్ అనే విభాగంలో సాధారణంగా కౌంటీలో ఉండే ఎవరైనా పాల్గొనవచ్చు. ప్రీమియం బుక్ అనే పుస్తకంలో ఏ కాయలు ఎన్ని పెట్టాలో, తొడిమ ఎంత ఉంచాలో రాసి ఉంటుంది. పేరు నమోదుకు గడువు చాలాచోట్ల ఫెయిర్‌కు ముందే ముగుస్తుంది కాబట్టి, ఆ పుస్తకం మొక్క నాటేనాటికే చేతిలో ఉంటే మంచిది. బహుమతి సొమ్ము చాలా విభాగాల్లో కొద్ది డాలర్లే. జడ్జి కార్డు మీద ఏమైనా రాసి ఉంటే మాత్రం పారేయకండి, వచ్చే ఏడు విత్తనం ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.