ఆవిరి త్రవ్విన గుంటలు

అగ్నిపర్వతమును గీయుమనగానే మన విద్యార్థులు మొనదేలిన కొండను గీసి దానిపై పొగ పెట్టుదురు. గుంటను గీసినవానిని మేమింతవరకు చూడలేదు. అయినను కొన్ని అగ్నిపర్వతములు కొండలు కావు, గుంటలే. జర్మనీలోని ఐఫెల్ సీమవారు వీనిని "మార్" అందురు. శాస్త్రజ్ఞులును ఆ పేరునే గైకొనిరి.

ఇవి పుట్టు విధము వంటయింటనే తెలియగలదు. కాగిన నూనెలో తడిచేతినుండి నీటిబొట్టు పడినచో నూనె పైకి చిమ్మును. నీరు ఆవిరియైనప్పుడు సుమారు 1,600 రెట్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు చాలకపోవుటయే కారణము. భూగర్భమునుండి పైకి వచ్చు శిలాద్రవము ఊటనీరు నిండిన పొరలను తాకినప్పుడును ఇట్లే జరుగును. కాని యచ్చట ఎగురునది నూనె కాదు, నేలయే. పగిలిన రాళ్లు గుంట చుట్టును పొట్టిగట్టుగా పడును. 1977లో అలాస్కాలోని ఉకిన్‌రెక్ వద్ద ఇట్టి గుంటలు రెండు పదిదినములలో ఏర్పడెను. అందు పెద్దదాని వెడల్పు సుమారు 300 మీటర్లు.

పిమ్మట గుంటలో నీరు చేరి, మన పొదిలి చెరువువలెనే ప్రశాంతముగా కనబడును. ఆ ప్రశాంతత నమ్మదగినది కాదు. ఆఫ్రికాలోని కామెరూన్ దేశమున న్యోస్ అను సరస్సు ఇట్టి గుంటయే. దాని యడుగునీటిలో బొగ్గుపులుసు వాయువు కరగి పేరుకొనియుండెను. 1986 ఆగస్టు 21వ తేదీ రాత్రి అది ఒక్కుమ్మడిగా పైకి వెలువడి, గాలికంటె బరువైనదగుటచే లోయలవెంట పారెను. నిద్రించుచున్న పల్లెలలో సుమారు 1,700 మంది ఊపిరాడక మరణించిరి. ఇప్పుడు గొట్టములు దింపి ఆ వాయువును కొంచెము కొంచెముగా బయటికి వదలుచున్నారు.

మన సీమలో అట్టి గుంట లేదు. గిద్దలూరు దాటి నంద్యాలకు పోవు రైలుమార్గమున, నల్లమలలో చలమ యను స్టేషను కలదు. (చలమ యనగా ఇసుకలో త్రవ్వుకొను నీటిగుంటయే గదా!) ఆ ప్రాంతమున లాంప్రాయిట్ అను శిల, పాతరాళ్ల చీలికలలోనికి ద్రవముగా చొచ్చి గట్టిపడినది. దాని వయస్సు సుమారు 140 కోట్ల సంవత్సరములు. ఆస్ట్రేలియాలోని ఆర్గైల్‌లో ఈ జాతి శిలాద్రవమే తడియిసుకను తాకి ప్రేలెను. ఆ ప్రేలుడునాళమునుండి 2020 వరకు వజ్రములు త్రవ్విరి.

అనంతపురము జిల్లా వజ్రకరూరులో మరియొక జాతి నాళములు కలవు. వానిని కింబర్లైట్ నాళములందురు. అవియు ప్రేలుడువలన పుట్టినవే. సుమారు 110 కోట్ల సంవత్సరముల గాలివానలకు పైనున్న నోళ్లు అరిగిపోయి, గొంతుకల యడుగులు మాత్రము మిగిలినవి. తొలకరి పడగానే అచ్చటి పొలములలో జనులు వజ్రములకై వంగి వెదకుదురు. మన ప్రాంతమువారును కూలి మానుకొని పోవుచుందురు. వట్టిచేతులతో మరలినవారే యెక్కువ.