మోకాటి బెణుకు

ఎద్దు కుంటిన నాడు పశువైద్యుని కొఱకు పరుగెత్తు మనము, మన కాలు కుంటిన నాడు "నరము పట్టినది, అదే పోవును" అని యూరకుందుము. నాట్ల కాలమున తడి గట్లపై నారుకట్టలు మోయుచు మోకాలు పట్టుకొని కూలబడువారిని చూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మనము నరమనునది యిచట నరము కాదు. తొడ యెముకను క్రిందికాలి యెముకలతో బంధించు గట్టి పట్టీ. నొగకును కాడికిని బిగించిన త్రాడువంటిది. వైద్యులు స్నాయువందురు. మోకాటికి ముఖ్యమైనవి నాలుగు: లోవైపున నొకటి, వెలివైపున నొకటి, కీలు నడుమ కత్తెరవలె నొకదాని నొకటి దాటిపోవునవి రెండు. పాదము బురదలో దిగబడి కదలకుండగా మేను ప్రక్కకు తిరిగెనేని, ఆ మెలి యంతయు వీనిమీదనే పడును.

త్రాటి పోగులు సాగి, ఏవో కొన్ని మాత్రమే తెగిన యెడల రెండు మూడు వారములలో కుదురును. సగము తెగిన యెడల నెల, నెలన్నర పట్టును. పూర్తిగా తెగినచో మూడు మాసములు, అంతకు మించియు పట్టవచ్చును. నడిమివానిలో ముందరిది తెగినచో తనంతట నతుకుట యరుదు. కొందఱికి శస్త్రచికిత్స కావలసివచ్చును. దెబ్బ తగులగనే టప్పున చప్పుడై, కొన్ని గంటలలో మోకాలు ఉబ్బి, అడుగు మోపగా కీలు జారినట్లు తోచిన యెడల దీనిని శంకింపవలెను.

12 ఏండ్ల క్రిందట నమూనా మడిలో వరుస నాట్లు చూపుచు నేనును ఇట్లే పడితిని. ఆ సాయంకాలము ఒక పెద్దమనిషి దయతలచి వేడి నూనె పోసి, గట్టిగా తోమి, కాలు లాగెను. తెల్లవారుసరికి మోకాలు సొరకాయంత యైనది. ఆయన తప్పు కొంత, అడ్డుచెప్పని నా తప్పు మిక్కిలి. మొదటి రెండు మూడు దినములు కాపడము, మర్దన, లాగుట కూడవు, వాపు హెచ్చును. మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15 మొదలు 20 నిమిషముల వఱకు, దినమునకు నాలుగైదు మారులు ఉంచవలెను. సాగెడు పట్టీ చుట్టవచ్చును గాని పాదము తిమ్మిరెక్కునంత బిగింపరాదు. పండుకొన్నప్పుడు కాలు గుండెకన్న ఎత్తున నుండవలెను. కఱ్ఱ పట్టినచో మంచికాలి వైపు చేతనే పట్టవలెను. చాలమంది దీనిని తాఱుమాఱు చేయుదురు.

నా రెండవ తప్పు ఇంతకన్న పెద్దది. పదవనాడు నొప్పి తగ్గగా మరల బురదలో దిగితిని. అదే మోకాలు మరల మెలిపడి, ఆ కారంతయు మంచము పాలైతిని. నొప్పి తగ్గుట వేఱు, పట్టీ కుదురుట వేఱు. పైగా కాలు వాడక యుంచినచో తొడ కండ త్వరలో సన్నగిల్లును; కీలును కాపాడునది ఆ కండయే గదా. కావున వాపు దిగజొచ్చగనే కాలు చాచి కూర్చుండి, మోకాటిక్రింద చుట్టిన తువ్వాలను అదుముచు తొడ బిగించి, ఐదు లెక్కించి విడువవలెను. పూటకు పది మారులు. పిమ్మట కాలు వంపక పైకెత్తుట, మడమను నేలపై జార్చుచు మోకాలు ముడుచుట. నొప్పి మించినచో ఆపవలెను. ముందు చదును నేల, తరువాత గట్టు, కడపట బురద. రెండు మోకాళ్లును సమముగా ముడిగి చాగి, మెట్లు దిగునప్పుడు నొప్పి లేనంతవఱకు గొంతుకూర్చుండుట, బాసిపట్లు, బస్తా మోత మానవలెను.

నాలుగడుగులైనను వేయలేకున్నను, మోకాలు బిగిసి కదలకున్నను, పాదము చల్లబడినను, జ్వరముతో మోకాలు ఎఱ్ఱబడినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. ఎక్సురే పటములో ఎముకలే కనబడును, స్నాయువు కనబడదు. "ఎముక విఱుగలేదు" అన్నంతనే నాగలి పట్టకుడు. కీలు జారుచునే యున్న యెడల ఎముకల వైద్యునికి మరల చూపవలెను. నేనీ పని రెండవసారి పడిన పిమ్మట గాని చేయలేదు. నేటికిని గట్టు దిగునప్పుడు నా చేత కఱ్ఱ యుండుట మీరు చూచియే యుందురు.