తీగ లాగితే డ్రాగన్

లోకాన్ని కాపాడే వీరుణ్ని అవుదామని ఆట మొదలుపెడతాం. ఎదురైన మొదటి మనిషి ఎనిమిది ముక్కల తోడేలు మాంసం తెచ్చిపెట్టమంటాడు. ఎందుకిలా? నేరుగా డ్రాగన్ ముందే నిలబెట్టవచ్చు కదా? వీడియో గేమ్‌లు కొత్తగా ఆడేవాళ్లు తరచూ అడిగే ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో మంచి జవాబు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో దొరుకుతుంది. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన ఆట ఇది. ఇందులో మానవజాతి పాత్రను ఎంచుకున్నవాళ్లకు మొదటి లెవెల్ దగ్గర రాజుకుని అరవయ్యో లెవెల్ దాకా పాకే కథ ఒకటుంది.

తేలికైన జవాబు మొదట చెప్పేస్తాను. చిన్న పనులు ఆడటం నేర్పుతాయి. కత్తి ఎలా దూయాలో, దెబ్బ తగిలితే ఏం చేయాలో, ఎవరి దగ్గర ఏం కొనాలో తోడేళ్ల మీద తెలుస్తుంది. ఇది నిజమే. కానీ నేర్పడం వరకే అయితే ఆ పనులను ఎవరూ గుర్తుపెట్టుకోరు. పదిహేనేళ్ల తర్వాత కూడా వాటి గురించి మాట్లాడుకునేవాళ్లున్నారంటే, అక్కడ ఇంకేదో జరుగుతోంది.

నార్త్‌షైర్ లోయలో డిప్యూటీ విల్లెమ్ అనే అధికారి మరో పని చెబుతాడు. ద్రాక్షతోటలోకి దొంగలు చొరబడ్డారు, వాళ్లు ముఖాలకు కట్టుకున్న ఎర్రగుడ్డలు పన్నెండు తెమ్మంటాడు. తెస్తాం, కాసిని నాణేలు పుచ్చుకుంటాం, మరిచిపోతాం. కొన్ని గంటల తర్వాత ఎల్విన్ అడవిలో అవే ఎర్రగుడ్డలు కనిపిస్తాయి. వెస్ట్‌ఫాల్ అనే పొలాల సీమకు చేరేసరికి ఎటు చూసినా అవే. అప్పుడు మనసులో మొదటి ‘ఎందుకు?’ పుడుతుంది. ఎవరు వీళ్లు? ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారు?

నా దృష్టిలో చిన్న పని పెద్ద సాహసంగా ఎదిగే కిటుకు ఇక్కడే ఉంది. ప్రతి పనీ ఒక ప్రశ్నకు జవాబిస్తూ అంతకన్నా పెద్ద ప్రశ్నను మిగిల్చిపోవాలి. శత్రువు ఆకారం పెరిగినంత మాత్రాన కథ పెరగదు.

వెస్ట్‌ఫాల్‌ను కాస్త నెమ్మదిగా చూద్దాం. దారి పక్కన బండి నిలిపి, సామాను దింపుకుని కూర్చున్న ఒక రైతు దంపతులు కనిపిస్తారు. ఆకలితో ఉన్న తమ గుర్రానికి ఎనిమిది గుప్పిళ్ల ఓట్స్ గింజలు తెచ్చిపెట్టమని ఆ రైతు భార్య అడుగుతుంది. ముందుకు వెళ్తే సాల్మా సాల్డీన్ అనే ఇల్లాలు పులుసు వండటానికి రాబందు మాంసం, అడవిపంది ముట్టె, మర్లాక్ అనే జలచరం కళ్లు, బెండకాయలు కావాలంటుంది. చూడటానికి బజారు పనులే. ఓట్స్ గింజలు మాత్రం విడిచిపెట్టిన పొలాల్లోనే దొరుకుతాయి. అక్కడికెళ్తే మనుషులు ఉండరు, అదుపు తప్పిన కోతయంత్రాలు తిరుగుతూ మన మీదికొస్తాయి. ఇల్లూ పొలమూ వదిలి జనం దారి మీదికి ఎందుకొచ్చారో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, మన కళ్లే చెబుతాయి. ఒక్కో పనికి రాసే వివరణ 511 అక్షరాలు దాటకూడదని ఈ ఆట రూపకర్తలకు ఒక హద్దు ఉండేది. మాటలకు చోటు లేదు కాబట్టి కథను నేల మీద పరిచారు. నడవడానికి మనకొక సాకు ఇవ్వడమే ఆ గింజలు చేసే అసలు పని.

ఆ సీమను కాపాడటానికి గ్రయన్ స్టౌట్‌మాంటిల్ అనే అతను ఊరివాళ్లతో ఒక దళం కట్టాడు. ఊరివాళ్లే ఎందుకు? రాజధాని స్టార్మ్‌విండ్ నుంచి సైన్యం రాదు కాబట్టి. ఎందుకు రాదు? దానికి అక్కడ జవాబు దొరకదు. గ్రయన్ చెప్పిన పనులు ఒక్కొక్కటే చేస్తూ పోతే, చివరికి దొంగల ముఠాకు ద్రోహం చేసిన ఒకడు మనల్ని వెంటబెట్టుకుని మూన్‌బ్రూక్‌లోని వాళ్ల స్థావరానికి దారి చూపిస్తాడు. అక్కడ గనిలోకి ఒంటరిగా దిగితే బతకడం కష్టం, అయిదుగురు జట్టు కట్టాలి. సొరంగం చివర మూసి ఉన్న తలుపును ఫిరంగితో పేలిస్తే అవతల పెద్ద గుహ, నీళ్లు, ఆ నీళ్ల మీద ఒక యుద్ధనౌక! నాయకుడు ఎడ్విన్ వాన్‌క్లీఫ్ దాని మీదే ఉంటాడు.

అతన్ని చంపాక దొరికే ఉత్తరం కథను తలకిందులు చేస్తుంది. అతను పంపకుండా ఉంచుకున్న ఆ ఉత్తరాన్ని రాజధానిలో ఒక వాస్తుశిల్పికి చేరుస్తాం. అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. యుద్ధంలో కూలిన స్టార్మ్‌విండ్‌ను రాయి మీద రాయి పేర్చి తిరిగి కట్టింది వాన్‌క్లీఫ్, అతని తాపీవాళ్లూ. పని పూర్తయ్యాక ప్రభువులు కూలి ఎగ్గొట్టారు. మనం ఇన్నాళ్లూ దొంగలని చంపింది ఆ తాపీవాళ్ల ముఠానే. ఎర్రగుడ్డలకు పుచ్చుకున్న నాణేలు ఇప్పుడు చేతిలో బరువవుతాయి. వెనకటి చిన్న పనులకు కొత్త అర్థం రావడాన్నే నేను మహాసాహసం అంటాను.

తీగ అక్కడితో ఆగదు. మరో ముప్ఫై లెవెళ్లు దాటాక డ్రాగన్ జాతి సైన్యాల జాడ పట్టుకుని పోతే అది మళ్లీ స్టార్మ్‌విండ్ కోటకే తెస్తుంది. సింహాసనం మీద పసివాడైన రాజు, పక్కన సలహాదారు కత్రానా ప్రెస్టర్. చెర నుంచి మనం విడిపించిన మార్షల్ విండ్సర్ నగర వీధుల గుండా నడుస్తుంటే కాపలాభటులు వందనం చేస్తారు. నిండు సభలో అతను ఆమె ముసుగు తీయిస్తాడు. ఆవిడ ఆనిక్సియా అనే ఆడ డ్రాగన్! ప్రభువుల చెవిలో విషం పోసి కూలి ఎగ్గొట్టించింది ఆమేనని వార్‌క్రాఫ్ట్ కథ. ఆమెను ఎదిరించడానికి నలభైమంది కలిసి గుహలోకి దిగాలి. ఒంటరివాడు అయిదుగురయ్యాడు, అయిదుగురు నలభైమంది అయ్యారు. ఈ లెక్కే సాహసం పెరుగుతోందన్న భావాన్ని మాటల్లేకుండా కలిగిస్తుంది.

ఇదంతా యంత్రంలో ఎలా నడుస్తుంది? ఒక్కో పాత్ర ఏ పనులు పూర్తి చేసిందో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. ముందు పని ముగిసి, తగిన లెవెల్ వస్తేనే తర్వాతి మనిషి తల మీద పసుపురంగు ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. లోపల ఉన్నది ఇంత సాదా లెక్క.

చిన్న పనులను పేర్చితే చాలు, సాహసం దానంతటదే వస్తుందనుకోవద్దు. రూపకర్తల్లో ఒకరైన జెఫ్ కాప్లాన్ 2009లో గేమ్ రూపకర్తల సదస్సులో తాను తయారుచేసిన పనినే చెడ్డ ఉదాహరణగా చూపించాడు. స్ట్రాంగిల్‌థార్న్ అడవంతా తిరిగి ఒక పుస్తకం పేజీలు ఏరుకొచ్చే పని అది. పేజీలతో సంచి నిండిపోతుంది గానీ, తర్వాతి పేజీ ఎందుకు వెతకాలో మనసుకు తోచదు. వెస్ట్‌ఫాల్‌లోనూ ఏరుకోవడమే ఉంది, అయితే అక్కడ ఏరుకునే ప్రతిదాని వెనుకా ఒక ఇంటి కష్టం ఉంది.

బ్లిజార్డ్ ఆ తీగను 2010లో మరోసారి లాగింది. ఆ ఏడాది డిసెంబరులో ‘కటాక్లిజమ్’ విస్తరణ వచ్చేసరికి వెస్ట్‌ఫాల్ నిండా నిలువనీడ లేని జనం. సాల్డీన్ దంపతులు పెంచుకున్న హోప్ అనే అమ్మాయి ఆ జనానికి పులుసు పంచమని మనకు పని అప్పజెబుతుంది. కొంతసేపటికి ఆ అమ్మాయే తన అసలు పేరు చెబుతుంది. వనెస్సా వాన్‌క్లీఫ్. ఆరేళ్ల కిందట ఆ నౌక మీద మన చేతిలో తండ్రి చనిపోవడం చూసిన పాప, ఎర్రగుడ్డ కట్టుకుని ముఠాను మళ్లీ నిలబెట్టి, గ్రయన్ కోటకు నిప్పు పెడుతుంది.