ఇండోర్ సైకిల్ శిక్షణ

ఇండోర్ సైకిల్ శిక్షణ అనగా సైకిలును ఇంటిలోనే ఒక పరికరానికి బిగించి, ఫోను లేదా కంప్యూటరులోని యాప్ నిర్దేశించిన ప్రకారం తొక్కుతూ చేసే వ్యాయామ పద్ధతి. సైకిలును బిగించే ఆ పరికరాన్ని ట్రైనర్ అంటారు. ఇక్కడ ట్రైనర్ అంటే శిక్షకుడు కాదు, యంత్రం. 2010 తరువాత ఈ యాప్‌లలో కొన్ని సైకిలుతో పాటు బల వ్యాయామాలను, యోగాసనాలను కూడా ఒకే ప్రణాళికలో చేర్చాయి. అయితే ఈ మూడింటిలో యాప్ నిజంగా కొలవగలిగేది సైకిలు తొక్కడాన్ని మాత్రమే. మిగిలిన రెండింటిలో అది దృశ్యాన్ని చూపుతుంది తప్ప సాధకుని చూడదు. ఈ తేడాను గ్రహించనివారికి ఈ పద్ధతి వలన మేలు కంటే గాయాలే ఎక్కువ కావచ్చును.

చలికాలంలో మంచు కురిసే దేశాలలో ఈ పద్ధతి ముందుగా వ్యాపించింది. అమెరికా, కెనడాలలోని ఉత్తర ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారికి చలి నెలల్లో సైకిలు తొక్కడానికి ఇదే వీలైన మార్గం. తెలుగునాట కారణాలు వేరు. రోహిణీ కార్తె ఎండలు, వానాకాలపు గుంతల రోడ్లు, నగరాలలోని వాహనాల రద్దీ సైకిలు ప్రియులను ఇంటికి పరిమితం చేస్తాయి.

చరిత్ర

కదలని సైకిలు కొత్త ఊహ కాదు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలోని వ్యాయామశాలలో కూడా ఇటువంటి సైకిళ్ళు ఉండేవి. శాస్త్ర పరిశోధనలో దీనికి స్థానం కల్పించినవారిలో డెన్మార్కు శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో ముఖ్యుడు. ఆయన 1913లో విద్యుదయస్కాంత నిరోధంతో పనిచేసే సైకిల్ ఎర్గోమీటరును వివరించాడు. (1920లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కానీ అది కేశనాళికలపై చేసిన కృషికి.) నేటి యాప్‌లలో కనిపించే "ఎర్గ్" అనే మాట ఈ ఎర్గోమీటరు నుండి వచ్చినదే.

జర్మనీకి చెందిన ఉల్రిచ్ షోబెరర్ 1986లో ఎస్.ఆర్.ఎం. అనే పవర్ మీటరును రూపొందించడంతో రోడ్డుపై కూడా వాట్లలో శ్రమను కొలవడం సాధ్యమైంది. ఆండ్రూ కాగన్, హంటర్ అలెన్‌లు 2006లో ప్రచురించిన గ్రంథం ఆ కొలతను శిక్షణకు వాడే తీరును సామాన్య సైకిలిస్టులకు పరిచయం చేసింది. 2009లో డేవిడ్ మెక్‌క్విలెన్ ప్రారంభించిన "ది సఫర్‌ఫెస్ట్" సంస్థ పోటీ దృశ్యాలతో కూడిన వ్యాయామ వీడియోలను తయారుచేసింది. "సఫర్‌లాండ్రియా" అనే కల్పిత దేశపు పౌరులుగా అభిమానులను సరదాగా పిలవడం దీని ప్రత్యేకత. క్రమంగా యోగా, బల వ్యాయామం, మనోనిబ్బర శిక్షణ కూడా ఇందులో చేరాయి. 2019లో వాహూ ఫిట్‌నెస్ సంస్థ దీనిని కొనుగోలు చేసి, 2021లో "సిస్టమ్" అనే పేరుతో కొత్త రూపమిచ్చింది.

మరొక శాఖ ఆటల వంటిది. 2014లో మొదలైన జ్విఫ్ట్‌లో తెరపై ఊహాలోకపు రోడ్లుంటాయి. వేర్వేరు దేశాలవారు ఎవరి ఇంటిలో వారుండి ఒకే రోడ్డుపై పోటీపడతారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యు.సి.ఐ.) 2020 డిసెంబరులో ఈ వేదికపై తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ పోటీలను నిర్వహించింది. మహిళలలో దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లే మూల్మన్-పాసియో, పురుషులలో జర్మనీకి చెందిన జేసన్ ఓస్బోర్న్ విజేతలయ్యారు. ఓస్బోర్న్ అప్పటికి ప్రధానంగా పడవ పందేల క్రీడాకారుడు.

పరికరం పనిచేసే తీరు

ట్రైనర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో వెనుక చక్రం ఒక చిన్న రోలరును ఒరుసుకుంటూ తిరుగుతుంది. రెండవ రకంలో వెనుక చక్రాన్ని తీసివేసి, సైకిలు గొలుసును నేరుగా ట్రైనరు పళ్ళచక్రాలకు తగిలిస్తారు. మొదటిది చవక, కానీ టైరులోని గాలి, టైరు వేడెక్కడం వంటి వాటి వలన కొలత మారిపోతూ ఉంటుంది. అందుచేత పది నిమిషాలు తొక్కి, పరికరం వేడెక్కిన తరువాత కొలతను సరిచూసుకోవాలి.

స్మార్ట్ ట్రైనర్లలో బరువైన లోహపు చక్రం విద్యుదయస్కాంతాల సమీపంలో తిరుగుతుంది. అప్పుడు దానిలో పుట్టే ఎడ్డీ విద్యుత్ ప్రవాహాలు దాని చలనాన్నే అడ్డుకుంటాయి. భౌతికశాస్త్రంలోని లెంజ్ నియమం ఇదే. అయస్కాంత బలాన్ని పెంచితే పెడలు బరువెక్కుతుంది. యాప్ నిస్తంత్రీ సంకేతాల ద్వారా ఈ బలాన్ని మారుస్తూ ఉంటుంది. విద్యుత్ కోత పడితే చాలా పరికరాలలో నిరోధం ఒక్కసారిగా తగ్గిపోతుంది. సీటుపై నుండి లేచి నిలబడి తొక్కుతున్నవారికి ఇది ప్రమాదకరం.

ఎర్గ్ పద్ధతిలో యాప్ ఒక సామర్థ్యాన్ని, ఉదాహరణకు 150 వాట్లను, నిర్ణయిస్తుంది. తొక్కే వేగం ఎంతైనా సామర్థ్యం అంతే ఉండేటట్లు పరికరం చూస్తుంది. సామర్థ్యం అనగా టార్క్, కోణీయ వేగాల లబ్ధం. నిమిషానికి 90 సార్లు తొక్కేటపుడు 150 వాట్లకు సుమారు 16 న్యూటన్-మీటర్ల టార్క్ చాలును. అలసి 60 సార్లకు దిగితే 24, 45 సార్లకు దిగితే 32 న్యూటన్-మీటర్లు కావాలి. అనగా అలసినకొద్దీ పెడలు మరింత బరువవుతుంది, బరువైనకొద్దీ వేగం మరింత పడిపోతుంది. కొత్తవారు చివరకు కాళ్ళు బిగుసుకుపోయి ఆగిపోయేది ఇందువల్లనే. దీనికి విరుగుడు సులభం: వేగం తగ్గుతున్నదని అనిపించిన వెంటనే పట్టుదలకు పోకుండా కొన్ని క్షణాలు ఎర్గ్‌ను ఆపి, కాళ్ళ వేగాన్ని తిరిగి అందుకోవాలి.

ఎఫ్.టి.పి. సంఖ్య

ఒక వ్యక్తి దాదాపు గంటసేపు నిలకడగా కొనసాగించగల గరిష్ఠ సామర్థ్యాన్ని ఎఫ్.టి.పి. అంటారు. యాప్‌లోని దాదాపు ప్రతి సైకిలు వ్యాయామం దీనికి శాతంగానే నిర్ణయించబడుతుంది. కాగన్ విభజన ప్రకారం 56 నుండి 75 శాతం ఓర్పు శిక్షణకు, 91 నుండి 105 శాతం ఎఫ్.టి.పి. స్థాయి శిక్షణకు, 106 నుండి 120 శాతం ఆక్సిజన్ వినియోగపు గరిష్ఠ స్థాయికి సంబంధించినవి.

గంటసేపు పూర్తి శక్తితో తొక్కడం కష్టం కనుక దగ్గరి దారులు వచ్చాయి. 20 నిమిషాల పరీక్షలో వచ్చిన సగటులో 95 శాతాన్ని తీసుకోవడం ఒకటి. నిమిషనిమిషానికి బరువు పెంచుతూ పోయి, చివరి నిమిషపు సామర్థ్యంలో 75 శాతాన్ని తీసుకోవడం మరొకటి. చివరి నిమిషంలో 200 వాట్లు సాధించినవారి ఎఫ్.టి.పి. 150 అవుతుంది. ఇవి సగటు మనిషిని బట్టి వేసిన అంచనాలు. పొట్టి పరుగుల వీరుని వంటి దేహం గలవారికి రెండవ పరీక్ష ఎక్కువ చూపవచ్చును, నిదానంగా ఎంతసేపైనా తొక్కగలవారికి తక్కువ చూపవచ్చును. సిస్టమ్ యాప్ 5 సెకన్లు, 1 నిమిషం, 5 నిమిషాలు, 20 నిమిషాల సామర్థ్యాలను విడివిడిగా కొలిచి, వ్యాయామాన్ని నాలుగు సంఖ్యల ఆధారంగా అమర్చడానికి కారణం ఇదే.

పొరపాటు సంఖ్య ఏమి చేయునో చూద్దాం. నిజమైన ఎఫ్.టి.పి. 150 అయిన వ్యక్తి, గొప్ప కోసమో పరికరపు దోషం వలనో 170 అని నమోదు చేసుకున్నాడనుకుందాం. యాప్ అతనికి "ఎఫ్.టి.పి. వద్ద 20 నిమిషాలు" అని చెప్పి 170 వాట్లు పెడుతుంది. అది అతని అసలు శక్తిలో 113 శాతం. అంత శ్రమను మామూలుగా 3 నుండి 8 నిమిషాలకు మించి భరించలేరు. అతడు ప్రతి దినం ఓడిపోయి, లోపం తన సంకల్పంలో ఉన్నదని భావిస్తాడు. నిజానికి లోపం సంఖ్యలో ఉంది. సందేహం ఉన్నపుడు అయిదు శాతం తగ్గించి ప్రారంభించడం మేలు.

ఈ పరీక్షలు గుండెను గరిష్ఠ స్థాయికి తీసుకువెళ్తాయి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, చాలాకాలంగా వ్యాయామం లేని నడివయస్కులు వైద్యుని సంప్రదించకుండా వీటికి పూనుకోరాదు. ఛాతీలో నొప్పి, తల తిరగడం కలిగితే తెరపై ఎన్ని నిమిషాలు మిగిలి ఉన్నా ఆపవలసినదే.

వేడిమి సమస్య

సైకిలు తొక్కేటపుడు మానవ శరీర దక్షత సుమారు 20 నుండి 25 శాతం. మిగిలినదంతా వేడిగా మారుతుంది. 24 శాతం దక్షతతో 150 వాట్లు ఉత్పత్తి చేసే వ్యక్తి శరీరంలో మొత్తం 625 వాట్లు ఖర్చవుతాయి. అందులో 475 వాట్లు వేడి. గదిలో ఒక చిన్న హీటరు వెలిగించినట్లే. గంటలో ఈ వేడి 1,710 కిలోజౌళ్ళు. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది కనుక, దీనినంతా చెమటతోనే వదిలించుకోవాలంటే 700 మిల్లీలీటర్ల చెమట ఆవిరి కావాలి. నేలపై కారిపోయిన చెమట ఈ లెక్కలోకి రాదు. రోడ్డుపై ఎదురుగాలి ఈ పనిచేస్తుంది. గదిలో ఆ గాలి లేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట తొందరగా ఆరదు. పైకప్పు పంకా ఒక్కటే సాధారణంగా చాలదు. ఎదురుగా పెద్ద టేబుల్ ఫ్యాను, తెరచిన కిటికీ, తెల్లవారుజామున వ్యాయామం అవసరం.

శరీరం వేడెక్కి నీరు తగ్గినపుడు, అదే 150 వాట్లకు గుండె వేగం క్రమంగా పెరుగుతుంది. ఎర్గ్ పద్ధతి మాత్రం వాట్లను మార్చదు. కాబట్టి తెరపై అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గుండె వేగం, ఊపిరి, తనకు తోచే శ్రమ అనే మూడింటినీ వాట్లతో పాటు గమనించాలి. తోచే శ్రమను 6 నుండి 20 వరకు అంకెలలో చెప్పే కొలబద్దను స్వీడన్ మనస్తత్వవేత్త గన్నర్ బోర్గ్ రూపొందించాడు. ఖర్చులేని ఈ కొలత కొన్నిసార్లు ఖరీదైన పరికరం కంటే నమ్మదగినది.

బల వ్యాయామాలు

సైకిలుపై శరీర భారాన్ని ఎక్కువగా సీటు మోస్తుంది. ఎముకలకు తగిన తాకిడి లేనందున, ఏళ్ళ తరబడి సైకిలు మాత్రమే తొక్కేవారిలో ఎముకల సాంద్రత తగ్గే అవకాశం ఉన్నదని గుర్తించారు. వయసు పైబడినవారికి ఇది చిన్న విషయం కాదు. అందుకే యాప్‌లలో బస్కీలు, దండీలు, ప్లాంక్, ఒంటికాలిపై వంగి లేవడం వంటివి ఉంటాయి. ఆంగ్లపు పేర్లతో వచ్చినా వీటిలో కొన్ని మన తాలింఖానాల పాత పరిచయాలే.

వీడియోలోని వ్యక్తి పదిసార్లు చేస్తే చూసేవారు పదిసార్లు చేస్తారు. మోకాలు లోపలికి వాలుతున్నదా, నడుము గుండ్రమవుతున్నదా అన్నది యాప్‌కు తెలియదు. అద్దం, లేదా ఇంటిలోని మరొకరి చూపు ఇక్కడ అవసరం. ఇంకా రెండు మూడు సార్లు చేయగల శక్తి ఉండగానే ఆపడం మంచి పద్ధతి. అలవాటు లేని బల వ్యాయామం తరువాత కండరాల నొప్పి ఒకటి నుండి మూడు రోజులలో తీవ్రంగా ఉంటుంది. ఆ రోజులలో ఎఫ్.టి.పి. పరీక్ష చేస్తే సంఖ్య తక్కువగా వస్తుంది.

యోగా

యాప్‌లు యోగా అని పిలిచేది ప్రధానంగా ఆసనాలనే. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది మాత్రమే. సైకిలిస్టుకు కావలసినది కూడా ప్రస్తుతానికి అంతమాత్రమే అనుకోవచ్చును. ముందుకు వంగి గంటల తరబడి కూర్చోవడం వలన తుంటి ముందుభాగం బిగుసుకొని, వెన్ను వంగి ఉంటుంది. భుజంగాసనం, సేతుబంధాసనం, ఆంజనేయాసనం దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తాయి. కపోతాసనపు రకాలలో మోకాలు మెలితిరిగే ప్రమాదం ఉంది కాబట్టి, మోకాలి నొప్పి ఉన్నవారు వెల్లకిలా పడుకొని ఒక చీలమండను రెండవ తొడపై ఉంచి దగ్గరకు లాక్కోవడం మేలు. కండరాలను ఎక్కువసేపు సాగదీసి ఉంచితే ఆ వెంటనే పేలుడు శక్తి కొంత తగ్గుతుంది. కనుక వేగపు సైకిలు వ్యాయామానికి ముందు కాక, తరువాత లేదా సాయంత్రం ఆసనాలు వేయాలి.

వారపు కూర్పు

శ్రమను లెక్కించడానికి యాప్‌లు ఒక అంకెను వాడతాయి. ఎఫ్.టి.పి. వద్ద గంటసేపు తొక్కితే 100. ఎఫ్.టి.పి.లో 80 శాతం తీవ్రతతో 45 నిమిషాలు తొక్కితే 0.75 × 0.8 × 0.8 × 100 = 48. సైకిలుకు ఇది కొలత నుండి వచ్చిన అంకె. యోగాకు, బల వ్యాయామానికి యాప్ వేసే అంకె అంచనా మాత్రమే. రెంటినీ కూడి వచ్చిన మొత్తాన్ని చూసి "ఈ వారం ఇంకా తక్కువైంది" అనుకోవడం తప్పు.

వారానికి అయిదు గంటలు కేటాయించగల సాధారణ వ్యక్తికి రెండు కఠినమైన సైకిలు వ్యాయామాలు, ఒకటి రెండు తేలికైనవి, రెండు పొట్టి బల వ్యాయామాలు, రెండు మూడు సార్లు పదిహేను నిమిషాల ఆసనాలు సరిపోతాయి. బల వ్యాయామాన్ని కఠినమైన సైకిలు దినాననే కొన్ని గంటల ఎడంతో చేస్తే, మరుసటి దినం విశ్రాంతికి మిగులుతుంది. చాలా ప్రణాళికలు మూడు వారాలు శ్రమ పెంచి, నాలుగవ వారం తగ్గిస్తాయి. జ్వరం వచ్చి లేచినవారు ప్రణాళికలో ఆగిన చోటి నుండి కాక, ఒక వారం వెనుకకు వెళ్ళి, తక్కువ వాట్లతో మొదలుపెట్టాలి.